ఒక్క బంతి

కోనసీమలోని మా బంధువర్గమున ఒక పెద్ద కుటుంబమువారు తమ పడుచుదాని పెండ్లికి మఱునాటి విందును హవాయి ద్వీపముల రీతిని, ఆడంబరము లేక నడపవలెనని తలపెట్టి, ఈ నడుమ మమ్ము సలహా యడిగిరి. ఆ యింట మూడు తరములవారు కలరు. వచ్చువారు రమారమి నాలుగువందల మంది. పూలదండలు, రంగుల చొక్కాలు, కొబ్బరితోటలో దీపములు నుండిన చాలునని యువకులనిరి. మన తోటలో పరాయివారి వేషమేల యని పెద్దలు గొణిగిరి. చొక్కాల సంగతి యెటులున్నను, ఆ ద్వీపముల విందునకొక చరిత్ర కలదు. దానిని మన గోదావరి తీరపు చరిత్రతో కలిపి చూచినయెడల ఈ తగవు సులభముగా తీరునని మాకు తోచినది.

ఆ విందును అచ్చటివారు లూఔ అందురు. ఆ మాటకు చేమ ఆకు అని యర్థము. మన పెరళ్లలో కాలువగట్టున పెరుగు చేమయే పూర్వము వారికి ప్రధానాహారముగా నుండెను. దుంపను ఉడికించి దంచి నీటితో కలిపి పోయి యను ముద్దగా తిందురు. ఆకును కొబ్బరిపాలతో వండుదురు. నేలపై చాపలు పఱచి, ఆకులు వేసి, అందఱును కూర్చుండి భుజించుట వారి పాతవాడుక. చేమయు, కొబ్బరియు, అరటియు, నేలబంతియు మనకు క్రొత్తవి కావు గదా!

అయితే అందఱును కూర్చుండి భుజించుట యని వ్రాసితిమే, ఆ యందఱిలో స్త్రీలు మొదట లేరు. కపు అను కట్టుబాటు చొప్పున పురుషులును స్త్రీలును వేర్వేఱు గృహములలో భుజింపవలెను. పందిమాంసము, కొబ్బరికాయ, పెక్కుజాతుల అరటిపండ్లు స్త్రీలకు నిషిద్ధములు. కట్టుబాటు మీఱినవారికి మరణదండనము సయితము కలదు. 1819వ సంవత్సరమున మొదటి కమేహమేహా రాజు గతించినపిమ్మట ఆయన కుమారుడు లిహోలిహో సింహాసనమెక్కెను. పెద్దరాణి కాఅహుమనుయు, రాజమాత కేఓపూఓలనియు ఈ యాచారము పోవలెనని పట్టుపట్టిరి. ఆ యేటనే కైలువా గ్రామమున జరిగిన విందులో రాజు పురుషుల బంతి విడిచి, స్త్రీల బంతికి పోయి, వారితో కూర్చుండి భుజించెను. ఆ యొక్క భోజనముతో ఆ ద్వీపముల పాతకట్టుబాటు కూలినది. క్రైస్తవబోధకులు ఆ దీవులలో అడుగిడినది మఱుసటి సంవత్సరమున. కావున ఈ మార్పు పరులు తెచ్చినది కాదు, ఇంటివారే తెచ్చుకొన్నది. అది సుళువుగను జరుగలేదు. రాజు జ్ఞాతియగు కేకూఅఓకలని పాతమతమును నిలుపుటకై కత్తిపట్టి, 1819 డిసెంబరులో కూఅమోఓ యుద్ధమున భార్యతో గూడ మడిసెను.

భోజనపు బంతి యంతటి బలముగలదని నమ్మనివారు మన రాజమహేంద్రవరమును తలచుకొందురుగాక. వితంతువుల పునర్వివాహము చెల్లునని 1856లోనే చట్టమేర్పడినది. కాని పాతికయేండ్లవఱకు మన మండలములలో ఆ చట్టము కాగితము మీదనే యుండెను. 1881 డిసెంబరు 11వ తేదీని కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విరోధులకు చట్టమును కాదనుటకు శక్తి లేదు. కాబట్టి వారు వంటయింటిపై పడిరి. వంటవారు రాకుండిరి, నీళ్లు మోయువారు మానుకొనిరి. వచ్చి భుజించినవారిని వెలివేయుదుమని బెదిరించిరి. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు తెచ్చి, తామే వంటచేసి వడ్డించిరి. సభలలో పునర్వివాహము న్యాయమని చెప్పుటకు వెనుదీయనివారు కొందఱు విస్తరిముందు కూర్చుండవలసివచ్చినప్పుడు జంకిరి. ఉపన్యాసమునకు చప్పట్లు చఱచుట వేఱు, బంతిలో కూర్చుండుట వేఱు.

ఈ రెండు కథలవలనను తెలియునది యేమన, విందు కేవలము కడుపునింపునది కాదు. ఎవరిని మనవారినిగా నెంచితిమో పదుగురిలో ప్రకటించునది. మన డెల్టాలో ఈ మాట మఱుగుపడుటకు సంపదయు నొక కారణము. 1833 నాటి కఱవున ఈ సీమ తల్లడిల్లినది. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టవలన కాలువలు పాఱి, వరియు అరటియు కొబ్బరియు విరివిగా పండెను. కలిమితో పెండ్లివిందులును పెరిగినవి. అయిదునాళ్ల పెండ్లి నేడు ఒకటి రెండు దినములకు తగ్గినది గాని, విస్తరిలో పదార్థముల సంఖ్య తగ్గలేదు. ఇరువది కూరలు వండించి సగము పాఱవేయుటయు, అందులకై అప్పుచేయుటయు మనమెఱుగనివి కావు. ఇన్ని వండించియు, ఇంటి యాడువారిని మాత్రము కడపటి బంతికే నిలుపు ఇండ్లు నేటికిని లేకపోలేదు.

కావున మేము ఆ కుటుంబమువారికిచ్చిన సలహా యిది. వేషమక్కఱలేదు, బంతి ముఖ్యము. ఒక్కొక్క బంతికి రెండువందలమంది. మనిషికి రెండడుగుల చొప్పున నూఱేసి యడుగుల వరుసలు నాలుగు చాలును. తోటనీడను చాపలు పఱచి అరటియాకులు వేయవచ్చును. మోకాళ్లనొప్పులవారికి ఆ వరుసలోనే పొట్టిబల్లలు వేయవలెను గాని వేఱుచోటు చూపరాదు. స్త్రీలును పురుషులును, ముసలివారును పిల్లలును కలిసి కూర్చుండవలెను. పదిమందికొకరు చొప్పున ఇరువదిమంది యువతీయువకులు మొదటి బంతికి వడ్డింతురు. రెండవ బంతిలో వారు కూర్చుండగా మొదట తిన్నవారు వడ్డింతురు. వంటవారును, పాత్రలు తోమువారును ఆ రెండవ బంతిలోనే కూర్చుందురు. అన్నము, పప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, చేమదుంపల పులుసు, పులిహోర, బూరెలు, పెరుగు, ఇంతకు మించనేల? మాంసము తినువారికి కోడికూర వేఱుగ వండించి, కోరినవారి యాకున వడ్డింపవచ్చును. అందులకై బంతిని చీల్చ నక్కఱలేదు.

ఇది విని పెద్దలలో ఒకరు, "బంధువులేమందురో" యని సందేహించిరి. పెండ్లికూతురి నాయనమ్మగారు అంతవఱకు గడపకడ కూర్చుండి వినుచుండిరి. ఎనుబదియేండ్లు దాటిన యామె మెల్లగా నిట్లనిరి: "నాయనా, నా ముగ్గురు కొమార్తెల పెండ్లిండ్లలోను నేనొక్కనాడును వేడియన్నము తిని యెఱుగను. అందఱును లేచినపిమ్మట గిన్నెలడుగున మిగిలినది తింటిని. బంధువులేమందురో నాకు తెలియదు. ఈ పెండ్లిలో నా యాకు మొదటి బంతిలో వేయుడు."

ఆ మాటకు ఎవ్వరును బదులు చెప్పలేదు. కొంతసేపటికి సందేహించిన పెద్దమనుష్యుడే కాగితము తీసికొని, మొదటి బంతిలో కూర్చుండవలసినవారి పేళ్లు వ్రాయ మొదలిడిరి. మొట్టమొదట వ్రాసినది ఆమె పేరు.

ఆ విందును హవాయి విందని పిలిచినను, కోనసీమ విందని పిలిచినను మాకు బాధ లేదు. చదువరులలో పెండ్లి తలపెట్టినవారుందురు. వారు పందిరికి కొలతలు తీయకముందు, కూరల పట్టిక వ్రాయకముందు, తమ యింట ఏండ్లతరబడి కడపటి బంతిని తినుచున్నవారెవరో యొక్కసారి లెక్కపెట్టుకొందురుగాక.