ఎడారిలోని విద్యాపీఠము

పెద్దలారా! నలందా తక్షశిలల పేరు మీరందరును వినియుందురు. అట్టి విద్యాస్థానమే యొకటి ఆఫ్రికా ఖండమున, సహారా యను మహామరుభూమి దక్షిణపుటంచున వెలసినది. దాని పేరు టింబక్టు. నేడది మాలి దేశములోనిది. ఈ పూట మనస్సుచేత అచటికి యాత్ర సేయుదము.

నైజరు నదికి కొలది క్రోసుల ఉత్తరమున, ఇసుక నడుమ, ఈ పట్టణమున్నది. 1100 ప్రాంతమున తువారెగు జాతివారు తమ మందలకు మజిలీగా దీనిని నెలకొల్పిరి. ఉత్తరమునుండి ఒంటెలపై ఉప్పు పలకలును, దక్షిణమునుండి బంగారమును వచ్చెడివి. ఆ రెండును కలిసిన చోటు సంతయై, సంత పట్టణమైనది. ఆ సంతలో గ్రంథములును అమ్మకమునకు వచ్చెడివి. 16వ శతాబ్ది ప్రారంభమున ఆ పురమును చూచిన లియో ఆఫ్రికానుసు అను యాత్రికుడు, తక్కిన సరకులన్నిటికంటె పుస్తకములవలననే అధికలాభము కలుగుచుండెనని వ్రాసెను.

1324లో మక్కాయాత్ర చేసిన మాలి చక్రవర్తి మాన్సా మూసా, తిరిగివచ్చిన పిమ్మట అచట జింగరేబెర్ మసీదును కట్టించెను. అదియును, సంకోరే, సిదీ యహ్యా అను మరి రెండు మసీదులును విద్యకు నెలవులయ్యెను. సంకోరే మసీదును ఒక సంపన్నురాలు కట్టించెనని ఐతిహ్యము. 1578 మొదలు 1582 వరకు అల్ ఆఖిబు అను న్యాయాధికారి దానిని పునరుద్ధరించెను. ఈ కట్టడములు మట్టివి. గోడలనుండి కొయ్యలు వెలికి పొడుచుకొనియుండును. ఊరివారు వానిపై నెక్కి గోడలకు మరల మరల మట్టి మెత్తుదురు. వానకు కరగెడి గోడలు శతాబ్దముల తరబడి నిలుచుటకు ఆ చేతులే కారణము.

విశ్వవిద్యాలయమనగా గొప్ప సౌధములను, కొలువుకూటములను ఊహింపవలదు. గురువు మసీదు ముంగిటనో, తన యింటనో కూర్చుండి పాఠము చెప్పును. శిష్యుడు ఒక గ్రంథమును ఒక గురువునొద్ద ముగించి, దానిని పరులకు బోధించుటకు అనుజ్ఞాపత్రము పొందును. ధర్మశాస్త్రము, వ్యాకరణము, తర్కము, జ్యోతిషము అచటి పాఠ్యములు. గురువుగారి యింటి అరుగుపై కౌముదిని వల్లించిన మనవారికి ఈ పద్ధతి క్రొత్త గాదు.

1591లో మొరాకో సుల్తాను సేన తుపాకులతో వచ్చి ఆ రాజ్యమును గెలిచెను. 1593లో పండితులను పట్టి బంధించిరి. వారిలో అగ్రగణ్యుడు అహమ్మదు బాబా. ఆయనను ఎడారి దాటించి మరాకెషునకు తరలించిరి. తన గ్రంథములు 1,600 కొల్లపోయెననియు, బంధువులలో అతి తక్కువ పుస్తకములు గలవాడు తానే యనియు ఆయన పలికినట్లు ప్రసిద్ధము. పరదేశముననైనను ఆయన పాఠము చెప్పుట మానలేదు. 1608 ప్రాంతమున స్వస్థలము చేరి, 1627లో కీర్తిశేషుడయ్యెను.

విద్యాపీఠము క్షీణించినను గ్రంథములు నశింపలేదు. గృహస్థులు వానిని పెట్టెలలో దాచి, కొందరు ఇసుకలో పాతిపెట్టి, కొడుకులకు, మనుమలకు అప్పగించిరి. 1973లో అహమ్మదు బాబా పేరనే ఒక గ్రంథభాండాగారము ఏర్పడెను. 2012లో సాయుధమూకలు పట్టణము నాక్రమించి, పెద్దల సమాధులను కూల్చినవి. అప్పుడు గ్రంథరక్షకులును, సామాన్యులైన ఊరివారును వ్రాతప్రతులను ట్రంకుపెట్టెలలో నింపి, బండ్లపై, మోటారులపై, పడవలపై రహస్యముగా రాజధాని బమాకోకు చేరవేసిరి. 2013 జనవరిలో ఆ మూకలు పారిపోవుచు సుమారు 4,000 ప్రతులను తగులబెట్టినవి. అంతకు ఎన్నో రెట్లు అప్పటికే సురక్షితములైయుండెను. కూలిన సమాధులను 2015 నాటికి ఆ యూరి తాపీపనివారే మరల కట్టిరి.

పెద్దలారా! ఆ విద్యాపీఠమును కాచినది కోట గాదు, కొలువు గాదు, ఇంటింటి పెట్టె. మన యిండ్ల అటుకలమీదను తాటాకు కట్టలున్నవి. చదువువారు లేరని వానిని పుష్కరములలో నదిపాలు చేసిన కుటుంబములు కలవు. చదువరాకున్నను దాచిపెట్టిన ఆ యెడారి గృహస్థులను తలచుకొనుడు. మీ యింటి కట్టను దింపి, దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె పూసి, క్రొత్తగుడ్డలో చుట్టుడు. అందున్నదేమో తెలిసికొనుటకు ఎరిగినవారికి చూపుడు. చదువగలవాడు మీ మనుమలలోనే పుట్టవచ్చును. వాడు వచ్చునప్పటికి ఆ కట్ట యుండవలెను గదా!