కాజీపేట డీజిలింజన్లు

తొర్రూరునకు రైలు లేదు. వరంగల్లు నుండి ఖమ్మము పోవు రహదారిపై నున్న ఈ యూరివారు రైలెక్కవలెనన్న ఉత్తరమున వరంగల్లుకో కాజీపేటకో, తూర్పున మహబూబాబాదుకో బస్సులో పోవలయును. నిత్యము కంటబడని వస్తువగుటచేతనే కాబోలు, ఇక్కడి పెద్దల మనసులో రైలింజను గాఢముగా నిలిచినది. బొగ్గింజను కూతను, డీజిలింజను రొదను వారు వేరువేరుగా చెప్పగలరు. ఆ జ్ఞాపకముల వెనుకనున్న చరిత్రను మనము కొంత పరిశీలింతము.

నిజాము రాజ్యమునకు రైలు 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు వచ్చెను. ఆ మార్గమే వరంగల్లు మీదుగా సాగి 1889లో బెజవాడను చేరెను. 1929లో కాజీపేట - బల్లార్షా మార్గము పూర్తియైన పిదప ఢిల్లీ, మద్రాసు నగరములు ఈ దారిన నేరుగా కలిసినవి. కాజీపేట మూడు త్రోవల కూడలి యైనది. సింగరేణి బొగ్గు చేరువనే దొరకుటచే ఆవిరి యింజన్లకు ఇచట మేతకు కొదువ లేకుండెను.

ఐనను ఆవిరి యింజనును సాకుట సులభము కాదు. నిప్పు రాజేసి ఆవిరి పుట్టించుటకే గంటలు పట్టును. దారి పొడవునను ఫైర్‌మన్ పారతో బొగ్గు వేయుచుండవలెను. నడుమ నడుమ నీటికై ఆగవలెను. షెడ్డు చేరిన పిమ్మట బూడిద తీయవలెను, బాయిలరు కడుగవలెను. ఇంజను పరుగిడిన కాలముకంటె దానికి సేవచేసిన కాలము తక్కువ కాదు.

ఈ స్థితిని మార్చినది డీజిలింజను. అమెరికాలోని ఆల్కో కంపెనీ నమూనాయైన డబ్ల్యు.డి.ఎం.-2 రకము 1962లో మన దేశమునకు వచ్చెను. 1964 నుండి వారణాసి కార్ఖానాలో మనవారే వానిని నిర్మింపసాగిరి. పదునారు సిలిండర్లు, 2600 అశ్వశక్తి దాని బలము. దానిలోని డీజిల్ యంత్రము చక్రములను నేరుగా త్రిప్పదు. అది జనరేటరును త్రిప్పగా పుట్టిన విద్యుత్తు, ఇరుసులకు అమర్చిన మోటారులను నడుపును. బండి కదలునప్పుడు లేచెడి నల్లని పొగ మన పెద్దలకందరకు గుర్తే. డ్రైవరు శక్తిని పెంచగానే ఇంధనము ముందు చేరును. గాలిని లోనికి నెట్టెడి టర్బో యంత్రము వేగమందుకొనుటకు కొంత సేపు పట్టును. ఆ కొద్ది క్షణముల యెడబాటే ఆ పొగకు కారణము.

కాజీపేటలో డీజిల్ షెడ్డు వెలసిన తరువాత పనివాని చేతి విద్య కూడ మారెను. పార పట్టిన ఫైర్‌మన్ స్థానమున డీజిల్ అసిస్టెంటు వచ్చెను. సుత్తితోడి పనికి తోడుగా మీటర్లు చదువుట, చమురు పరీక్షించుట అవసరమైనవి. వాడిన చమురులో ఏ లోహపు రజను ఎంత యున్నదో ప్రయోగశాలలో చూచి, లోపల ఏ భాగము అరుగుచున్నదో ఇంజను విప్పకయే గ్రహింతురు. అనుభవశాలి యైన మిస్త్రీ మాత్రము దాని రొదను విని కూడ రోగము చెప్పగలడు. ఇంజను మీద షెడ్డు పేరు 'కె.జెడ్.జె.' అను మూడక్షరములలో వ్రాసియుండును. దూరదేశపు స్టేషనులో ఆ యక్షరములు కనబడినచో ఈ జిల్లావారికి సొంత యూరి మనిషి ఎదురైనట్లుండెడిది. ఇంజన్ల నెంబర్లను నోటుపుస్తకములలో వ్రాసికొనెడి ఉత్సాహవంతులకు ఆ యక్షరములే మొదటి గుర్తు.

విజయవాడ నుండి కాజీపేట వరకు విద్యుదీకరణము 1980వ దశకమున జరిగెను. తరువాత సికింద్రాబాదు మార్గమునను తీగలు వచ్చినవి. ఈ ప్రధాన మార్గమున డీజిల్ ప్రాభవము ఇంచుమించు ఇరువదియైదేండ్లు మాత్రమే. ముందున్న ఆవిరికి వయసు తెచ్చిన గౌరవమున్నది. వెనుక వచ్చిన విద్యుత్తునకు వేగమున్నది. నడుమ నిలిచి రెంటికి వంతెనయైన డీజిలును తలచువారు తక్కువ. ఆవిరి యింజన్లను స్టేషన్ల ముందర అలంకరించి నిలిపినాము. పాతబడిన డీజిలింజన్లలో మాత్రము అధికభాగము తుక్కు క్రింద పోయినవి.

ఇనుము పోయిన పోవుగాక, దానిని నడిపినవారి తెలివి పోరాదు. రొదనుబట్టి రోగము చెప్పెడి ఆ విద్య ఏ పుస్తకమునను పూర్తిగా లేదు. అది షెడ్డులో పనిచేసి విశ్రాంతి పొందినవారి జ్ఞాపకములలో నున్నది. అట్టి పెద్దలు ఇంటనున్న శ్రోతలు వారిచే చెప్పించి వ్రాసియుంచుట మేలు. ఏ సంవత్సరమున ఏ పని చేసిరి, ఏ పనిముట్టు వాడిరి, ఏ చప్పుడును దేనికి గుర్తుగా నెంచిరి అను మూడు సంగతులు చాలును. మన ప్రాంతపు కార్మికుల చరిత్రకు అదియే పునాది యగును.