జట్టు పోయినను పోని అభిమానము

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లనుండి తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణకు నడచి పోవుట మాకు చిన్ననాటి అలవాటు. సాయంకాలమగుసరికి అక్కడి మైదానములలో ఏదో యొక ఆట సాగుచుండును. ఆడువారు మూడు నాలుగేండ్లకు మారిపోవుదురు. గట్టున కూర్చుండి చూచువారు మాత్రము మారరు. విద్యార్థి పట్టము పుచ్చుకొని వెడలిపోవును, అభిమాని మిగిలిపోవును. ఈ నిష్ఠకు మన నగరమున ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రకు నాయకుడు ఒక బడిపంతులు.

సయ్యదు అబ్దుల్ రహీముగారు 1909లో జన్మించిరి. ఉస్మానియాలో చదివి, ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థులును పూర్వవిద్యార్థులును కూడియున్న ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులో ఫుట్‌బాలు ఆడిరి. ఆర్ట్సు కళాశాల మహాభవనము 1939లో గాని ప్రారంభము కాలేదు. అనగా మనము నేడు చూచు శిలావైభవముకంటె ఆ జట్టే ముందటిది. పిమ్మట వారు నగరములోని బడులలో ఉపాధ్యాయులై, 1943 మొదలు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా పనిచేసిరి. 1950లో నగర పోలీసు జట్టు శిక్షణభారమును వహించిరి.

తరువాత జరిగినది మన పెద్దలు కథలుగా చెప్పుకొన్నదే. 1950 మొదలు 1954 వరకు బొంబాయిలోని రోవర్సు కప్పును వరుసగా ఐదుమారులు ఆ జట్టు గెలిచెను. డ్యూరాండు కప్పు 1950, 1954, 1957, 1961 పోటీలలో ఆ జట్టుకే దక్కెను. సంతోషు ట్రోఫీ 1956–57లోను, ఆ మరు సంవత్సరమును హైదరాబాదు వశమయ్యెను.

ఈ గెలుపులకు మూలము తరగతిగది క్రమశిక్షణయే. ఉపాధ్యాయుడు చేతివ్రాత దిద్దించునట్లు రహీముగారు ఆటను దిద్దించిరి. బంతిని తనకే అట్టిపెట్టుకొని పరుగెత్తరాదను నియమముతో పోటీలు నడపిరి. అలవాటులేని కాలితో ఆడించు పోటీలు నడపిరి. పొట్టి బాలురకు వేరుగా పోటీలు పెట్టిరి. మొదటిదానివలన తోడివానికి బంతి నందించు బుద్ధి కుదురును. రెండవదానివలన రెండు కాళ్లును సమానమగును. మూడవదానివలన బక్కపలుచని బాలుడు కూడ తనకు చోటు కలదని నమ్మును.

1952లో హెల్సింకి ఒలింపిక్సున యుగోస్లావియా చేతిలో భారతజట్టు 10–1 తేడాతో ఓడిపోయెను. నాటి శిక్షకులును రహీముగారే. ఓటమిని దాచుకొనక దానినుండి నేర్చుకొనిరి. నాలుగేండ్లకు మెల్బోర్నులో భారతజట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగవ స్థానమందెను. ఆ జట్టులో సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాము ఉండెను.

ఇట్టి గురుత్వము ఒక్క ఆటకు, ఒక్క దేశమునకు చెందినది కాదు. అమెరికాలో జాన్ వుడెన్ అను ఆయన మొదట ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. పిదప లాస్ ఏంజిలీస్ నగరములోని విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాలు జట్టును 1948 మొదలు 1975 వరకు తీర్చిదిద్ది, పది జాతీయ విజయములు సాధించెను. అక్కడి అభిమాని తన కళాశాల రంగులను జీవితాంతము ధరించుటకును, మన పెద్దలు పోలీసు జట్టును తలచుకొనుటకును కారణమొక్కటే: తమవారిని తీర్చినది ఒక ఉపాధ్యాయుడను గర్వము.

అయితే అభిమానమునకు పరీక్ష గెలుపునందు లేదు. 1957లో బలరాము కలకత్తాలోని ఈస్టు బెంగాలు జట్టులో చేరెను. పోయినవాడు మనవాడా, కాడా? ఈ ప్రశ్న మన అభిమానిని బాధించక తప్పదు. మా సమాధానమిది: బడి విడిచిన శిష్యుడు బడికి పరాయి కానేరడు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల చివరి పోటీ జరిగెను. ప్రేక్షకులు మనవారికి ప్రతికూలురు. రహీముగారు అప్పటికే రోగపీడితులు. అయినను దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మనవారు స్వర్ణపతకము గెలిచిరి. మరుసటి యేడు జూన్ 11న ఆయన కాన్సరు వ్యాధితో కన్నుమూసిరి. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు స్వర్ణము లభింపలేదు. ఆంధ్రప్రదేశ్ 1965–66లో సంతోషు ట్రోఫీని గెలిచినది గాని, ఆ వెలుగు క్రమముగా తగ్గెను.

2019లో హైదరాబాదు పేరిట నూతన వృత్తిజట్టు వెలసి, 2022లో దేశపు లీగు విజేత యయ్యెను. ఆశ చిగిర్చెను. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయెను. బలరాము నాడు ఆటగాడొక్కడే పోయెను. ఈమారు జట్టే పోయినది. ఇక అభిమాని ఎవరి పక్షమున నిలువవలెను?

నేడు మెట్టుగూడమీదుగా మెట్రోరైలు పోవుచున్నది. తార్నాక నిమిషములలో వచ్చును. మేము ఇప్పటికిని నడచియే పోవుచున్నాము. మైదానమున ఒక బాలుడు తనకు అలవాటులేని ఎడమకాలితో బంతిని తన్ని, గురి తప్పి, మరల ప్రయత్నించుచుండుటను చూచినపుడు మా సందేహము తీరును. జట్టునకు చిరునామా మారవచ్చును, పేరు మాసిపోవచ్చును. నేర్పిన పాఠము ఊరిలోనే యున్నది. ఆ పాఠమే మా జట్టు; దానిని అప్పగించుకొనుచు పోవుటయే మా అభిమానము.