బాధకు పేరు పెట్టడం

1920 జనవరి 31న బాబాసాహెబ్ అంబేడ్కర్ బొంబాయిలో మరాఠీ పక్షపత్రిక ఒకటి ప్రారంభించారు. దాని పేరు 'మూక్‌నాయక్'. మూగవారి నాయకుడు అని అర్థం. నోరున్న జనాన్నే ఆయన మూగవారన్నారు. తమకు జరిగేది అవమానమని బయటికి చెప్పే చోటు వారికి లేకుండా చేశారు కనుక.

1970ల ఆరంభంలో అమెరికాలోని బోస్టన్‌లో పీటర్ సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడు ఇంకో రకం మూగతనాన్ని గుర్తించారు. ఒంటి బాధలతో వచ్చిన రోగుల్లో కొందరు తమలో ఉన్నది కోపమో, భయమో, దిగులో చెప్పలేకపోయేవారు. దానికి గ్రీకు మాటలతో 'అలెక్సిథైమియా' అని పేరు పెట్టారు. భావాలకు మాటలు లేకపోవడమని అర్థం. అది జబ్బు కాదు, ఒక లక్షణం. 1994లో వచ్చిన టొరంటో కొలమానం 20 అంశాలతో దాన్ని అంచనా వేస్తుంది. ఈ లక్షణం బలంగా ఉన్నవారిలో కుంగుబాటు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తాయి. తనకేమవుతోందో తెలియని మనిషి సాయం ఎలా అడుగుతాడు?

బుద్ధ భగవానుడు ఈ గుర్తింపునే సాధనగా బోధించారు. సతిపట్ఠాన సుత్తంలో శరీరం తరువాత వేదన, చిత్తం వస్తాయి. వేదన సుఖమా, దుఃఖమా, రెండూ కానిదా చూడాలి. ద్వేషమున్న చిత్తాన్ని ద్వేషమున్నదిగానే తెలుసుకోవాలి.

అయితే భావం తెలియకపోవడం వేరు, చెబితే దెబ్బలు తప్పవని దాచుకోవడం వేరు. తల బరువు, గుండె దడ అని ఆసుపత్రికి వెళ్లి, నరాల బలహీనతకు టానిక్ రాయించుకొచ్చే తల్లులను మన వాడల్లో చూస్తూనే ఉన్నాం. వాళ్లకు భావాలు తెలియవనడం అన్యాయం. నిదానంగా కూర్చుని వింటే ఎవరు, ఎక్కడ, ఏ మాటన్నారో పూసగుచ్చినట్టు చెబుతారు.

1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కావాలని అవమానించడాన్ని నేరంగా గుర్తించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యాన్ని హక్కు చేసింది. సామాజిక హోదాను బట్టి ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించరాదనీ చెప్పింది. ఈ రెండు హక్కులూ అక్కరకు రావాలంటే ముందు బాధకు పేరు కావాలి.

విహారంలో వందన అయ్యాక ఒకరినొకరం అడుగుదాం: ఒంట్లో ఎక్కడ పట్టేసింది? అది భయమా, సిగ్గా, కోపమా? ఎప్పటినుంచి? జవాబు వచ్చేదాకా ఆగుదాం. ధ్యానం డాక్టరుకు బదులు కాదు; అవసరమైతే వెంట వెళదాం. టెలి మానస్ నంబరు 14416 విహారం గోడ మీద రాసి పెడదాం.