బహుళ అంతస్తుల భవనాల యాంత్రిక కూల్చివేత - ప్రమాదాలు, నైపుణ్యం, జాగ్రత్తలు

శిథిలావస్థకు చేరిన, అగ్నిప్రమాదాలకు గురైన భవనాలను భారీ యంత్రాలతో తొలగించడం నిర్మాణం కంటే తక్కువ నైపుణ్యంతో కూడిన పని కాదు. పని మొదలైన క్షణం నుంచి భవనం సమతౌల్యం మారుతూ ఉండటమే ఇందుకు కారణం.

2023 జనవరి 19న సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులోని దక్కన్ మాల్ అగ్నికి ఆహుతైంది. వరంగల్ ఎన్.ఐ.టి. నిపుణులు పరిశీలించిన మీదట భవనాన్ని తొలగించాలని నిర్ణయించారు. ఇరుకైన వీధులు, పక్కనే నివాసాలు ఉన్నందున పొడవైన బూమ్ గల యంత్రాన్ని వినియోగించారు. పని సాగుతుండగానే భవనంలో కొంత భాగం ఒక్కసారిగా కుప్పకూలింది. సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉక్కు బలం దాదాపు సగానికి పడిపోతుంది. కాంక్రీటు సైతం బీటలు వారుతుంది. కాలిన భవనం ఎప్పుడు, ఎటు ఒరుగుతుందో ముందుగా అంచనా వేయడం కష్టమనడానికి ఈ ఘటన నిదర్శనం.

భవనం బరువు స్లాబు నుంచి దూలాలకు, దూలాల నుంచి స్తంభాలకు, అక్కడి నుంచి పునాదికి చేరుతుంది. కాబట్టి కూల్చివేత పై అంతస్తు నుంచి కిందికి, నిర్మాణ క్రమానికి విలోమంగా సాగవలసి ఉంటుంది. కింది స్తంభాన్ని ముందుగా విరిస్తే పై అంతస్తులు యంత్రంపైనే పడే ప్రమాదముంది. బాల్కనీల వెనుక స్లాబును తొలగిస్తే అవి ఆధారం కోల్పోయి ముందుకు ఒరుగుతాయి. శిథిలాలను స్లాబుపై పోగుచేస్తే ఆ భారానికి అంతస్తులు ఒకదానిపై ఒకటి కూలవచ్చును. సెల్లారు పైకప్పు మీద పొక్లెయినర్‌ను నిలిపే ముందు కింద ఆధారాలు ఏర్పాటు చేయడం తప్పనిసరి.

బూమ్ చాచిన కొద్దీ యంత్రం బోల్తా పడే అవకాశం పెరుగుతుంది. అందువల్ల గట్టి, సమతలమైన నేలను ఎంచుకోవడం, శిథిలాలు పడే పరిధికి వెలుపల యంత్రాన్ని నిలపడం, పగుళ్లను, కదలికను గమనించి తక్షణమే వెనుకకు తీయడం ఆపరేటర్ నైపుణ్యానికి గీటురాళ్లు. ఆపరేటర్‌కు కనిపించని వైపున సంకేతాలిచ్చే వ్యక్తి ఉండాలి.

2024 నవంబరులో గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో జరిగిన తవ్వకాల కారణంగా ఒక నివాస భవనం ఒరిగిపోగా, పరిసరాల వారిని ఖాళీ చేయించి యంత్రంతో తొలగించారు. ఇందుకు భిన్నంగా 2023 సెప్టెంబరులో మాదాపూర్ మైండ్‌స్పేస్‌లోని రెండు భవనాలను పేలుడు పదార్థాలతో క్షణాల్లో నేలమట్టం చేశారు. పేల్చివేతకు స్తంభాలకు రంధ్రాలు వేయడం వంటి సుదీర్ఘ సన్నాహం అవసరం. ఒరిగిన భవనంలోకి మనుషులను పంపడం ప్రమాదకరం గనుక అటువంటి చోట్ల దూరం నుంచి పనిచేసే యంత్రమే శ్రేయస్కరం.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4130:1991 కూల్చివేతలో పాటించవలసిన భద్రతా నియమాలను వివరిస్తున్నది. పనికి ముందు నిర్మాణ పటాలను పరిశీలించడం, విద్యుత్తు, గ్యాస్, నీటి సరఫరాను నిలిపివేయడం, కంచె వేయడం, పొరుగు గోడల స్థితిని నమోదు చేయడం ముఖ్యమైనవి. కాంక్రీటు ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు హానికరమైనందున నిరంతరం నీరు చల్లాలి, కార్మికులకు మాస్కులు అందజేయాలి.

శిథిలాలను చెరువులు, నాలాల్లో పారబోయరాదు. హైదరాబాద్‌లోని జీడిమెట్ల, ఫతుల్లాగూడలలో ఈ వ్యర్థాల పునర్వినియోగ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. కూల్చివేతకు అనుమతించే అధికారులు యంత్రాల లభ్యతతో పాటు, పనిక్రమాన్ని ధ్రువీకరించిన స్ట్రక్చరల్ ఇంజనీరు నివేదికను కూడా పరిశీలించడం ప్రాణరక్షణకు అత్యావశ్యకం.