కొలిచి పెట్టిన అన్నం

నెలకింతని ముందుగా కడితే, మూత మీద కేలరీల లెక్క అంటించుకుని వేళకు గుమ్మం ముందుకు వచ్చే డైట్ భోజనాన్ని అందరూ మాదాపూర్, గచ్చిబౌలి కాలపు సరుకుగానే చూస్తారు. ఫోన్లో యాప్ లేకపోతే పుట్టి ఉండని వ్యాపారం కాబట్టి అలా అనుకోవడంలో వింత లేదు. అయితే ఆ డబ్బాలో అమ్ముతున్నది ఏమిటి? ముడిబియ్యం, ఉడికించిన శనగలు, కీరా ముక్కలు ఏ కిరాణా కొట్లోనైనా, ఏ రైతుబజారులోనైనా దొరుకుతాయి. వాటి కోసం నెల చందా కట్టక్కర్లేదు. కొనేవాళ్లు కొంటున్నది కొలతను. ఎంత తినాలో మరొకరు నిర్ణయించి, అంతే పెట్టి, మారు వడ్డించకుండా ఆపడాన్ని. ఈ పనికి హైదరాబాద్‌లో అరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ఒక భాగం తార్నాక ప్రయోగశాలలో, మరో భాగం బాలానగర్ ఫ్యాక్టరీల క్యాంటీన్లలో నడిచింది. డబ్బా భోజనం కొన్నాళ్లు పనిచేసి తర్వాత ఎందుకు చతికిలపడుతుందో ఆ చరిత్ర చూస్తే అర్థమవుతుంది. కొలిచే బాధ్యత, దాని ఖర్చు, దాని మీద నిఘా మూడూ తినేవాడి నెత్తినే పడ్డాక కొలత ఎక్కువ కాలం నిలవదన్నది ఈ వ్యాసం వాదన.

బాలానగర్ నుంచి మాదాపూర్‌లోని ఐటీ భవనం సైబర్ టవర్స్‌కు దూరం పది కిలోమీటర్లకు మించదు. చాలాకాలం ఈ రెండూ సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పరిధిలోనే ఉన్నాయి. కానీ పుట్టుక వేరు. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సాయంతో తన సింథటిక్ మందుల కర్మాగారాన్ని ఇక్కడ కట్టింది. 1965లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వచ్చింది. 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మొదలైంది. నర్సాపూర్ రోడ్డు వెంట చింతల్ వైపు హెచ్ఎంటీ. ఇంత మందిని ఒకచోట చేర్చాక వాళ్ల మధ్యాహ్న భోజనం యాజమాన్యం దయాదాక్షిణ్యాలకు వదిలేసే వ్యవహారం కాలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ ప్రకారం 250 మందికి పైగా పనిచేసే కర్మాగారంలో క్యాంటీన్ పెట్టించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. ఏ పదార్థాలు వండాలి, ఎంతకు అమ్మాలి అన్నవి నియమాల్లో రాయాలి, నిర్వహణ కమిటీలో కార్మికుల ప్రతినిధులు ఉండాలి. 1976లో చేసిన సవరణ ఇంకో అడుగు వేసింది. క్యాంటీన్ ఖర్చుల్లో కొన్నిటిని భోజనం ధరలో కలపకూడదని, వాటిని యజమానే భరించాలని చెప్పింది. పప్పుకూ సాంబారుకూ పార్లమెంటు ఇంత శ్రద్ధ చూపిందంటే ఇప్పటివాళ్లకు నవ్వు రావచ్చు. కానీ ఒక మనిషి పళ్లెంలో ఏముండాలన్నది అతని ఒక్కడి గొడవ కాదని, పనిచేయించుకునేవాడిది కూడా అని ఈ దేశం చట్టంలో రాసుకున్న అరుదైన సందర్భం అది.

కొలతకు శాస్త్రం ఇచ్చింది తార్నాక. జాతీయ పోషకాహార సంస్థ అసలు 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ నడిపిన బెరిబెరి పరిశోధన విభాగంగా మొదలైంది, 1928లో పోషకాహార పరిశోధనశాల అయింది, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఆ రోజుల్లో అక్కడి శాస్త్రవేత్తల ముందున్న సమస్య బరువు పెంచడం. పేద పిల్లలకు కొరత మాంసకృత్తులదా, మొత్తం తిండిదా అని ప్రపంచమంతా వాదులాడుకుంటున్న కాలంలో సి.గోపాలన్ బృందం హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోని చిన్నపిల్లలకు రోజూ తయారుచేసిన తినుబండారం పెట్టి చూసింది. అందులో 310 కేలరీలు, మాంసకృత్తులు మాత్రం 3 గ్రాములే. 1973లో వెలువడిన ఫలితాల్లో ఆ పిల్లలు ఎత్తులోనూ బరువులోనూ ముందుకు వెళ్లారు. కొరత ప్రధానంగా కేలరీలదేనన్న వాదానికి అది పెద్ద బలం. మన విషయానికి ముఖ్యమైంది ఆ ప్రయోగం నడిచిన తీరు. తిండి ముందే తయారైంది, పరిమాణం ముందే ఖరారైంది, రోజూ చేతికందింది, తినేవాడి ఇంటి మీద పైసా భారం పడలేదు, తిన్నారో లేదో చూసేవాళ్లు ఉన్నారు. ఈ అయిదూ కలిసినచోట బరువు మారింది. తర్వాతి కాలంలో నాచారం ఫ్యాక్టరీ నుంచి అంగన్‌వాడీలకు వెళ్లిన బాలామృతం పొట్లం కూడా ఇదే వరసలోది. బరువు తగ్గించే డబ్బా ఈ పద్ధతినే తిరగేసి వాడుకుంటోంది. అయిదింటిలో మొదటి మూడింటినే తీసుకుని, చివరి రెండింటినీ వదిలేసింది.

బాలానగర్ పళ్లెం ఎందుకు మారాలో అంకెలే చెబుతాయి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన సిఫారసుల్లో 65 కిలోల పురుషుడికి కూర్చుని చేసే పనైతే రోజుకు 2,110 కేలరీలు, ఓ మోస్తరు శ్రమకు 2,710, కాయకష్టానికి 3,470. 55 కిలోల స్త్రీకి ఇవే వరసగా 1,660, 2,130, 2,720. అంటే పురుషుల్లో కుర్చీకీ కాయకష్టానికీ మధ్య తేడా 1,360 కేలరీలు, దాదాపు ఒక ఫుల్ మీల్స్‌కు సమానం. కొలిమి దగ్గరో, బరువులెత్తే చోటో నిలబడ్డవాడు ఆ భోజనాన్ని సాయంత్రానికి ఖర్చు చేసేవాడు. ఆ పనివాడి కొడుకు అదే పళ్లెం అలవాటుతో పెరిగి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పళ్లెం అలాగే ఉంది, పని మారింది. ఐడీపీఎల్‌ను 1992లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. ఆరేళ్లకు, 1998 నవంబరులో, వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. కాయకష్టం నుంచి కుర్చీకి ఒక నగరం ఇంత వేగంగా మారడం, అదీ ఒక్క తరంలో, శరీరాలకు గిట్టుబాటయ్యే వ్యవహారం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణ స్త్రీలలో 30.1 శాతం, పురుషులలో 32.3 శాతం అధిక బరువున్నవాళ్లు. ఐటీ ఉద్యోగుల మాటకొస్తే పరిస్థితి ఇంకా దారుణం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది, 71 శాతం మంది స్థూలకాయులు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగానే వస్తుంది. ఐటీ కంపెనీల్లో క్యాంటీన్లు లేవా? ఫ్యాక్టరీ క్యాంటీన్ కలలో కూడా చూడనన్ని రకాలు, సలాడ్లు, పళ్లరసాలు అక్కడ ఉన్నాయి. మరి క్యాంటీనే మందైతే ఆ 84 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? వచ్చింది ఆ సమృద్ధి నుంచే. ఫుడ్ కోర్టు వ్యాపారం ఎక్కువ అమ్మడం మీద, బఫే ఎక్కువ తినడం మీద నడుస్తాయి. అక్కడ ఎంపిక ఉంది, కొలత లేదు. అమెరికా వేళలకు పనిచేసి అర్ధరాత్రి తినేవాడికి ఆకలి చెప్పే లెక్క కూడా సరిగా అందదు. అలాగని పాత క్యాంటీన్‌ను మరీ పూజించనక్కర్లేదు. చట్టం అక్కడ ప్రధానంగా కొలిచింది ధరనే. అన్నం మారు వడ్డించడానికి ఎవరూ వెనుకాడే కాలం కాదది, నూనె సంగతి అడిగేవాడూ లేడు. పనివాడు సన్నగా ఉన్నది క్యాంటీన్ గొప్పతనం వల్ల కాదు, ఒళ్లొంచడం వల్ల. ఆ క్యాంటీన్ నుంచి తీసుకోవలసింది వంటకాన్ని కాదు, కమిటీని. ఏం వండాలన్నది తినేవాళ్లంతా కలిసి తేల్చుకోవడం, ఖర్చులో కొంత యజమాని మోయడం.

మధ్యలో కర్రీ పాయింట్ల కాలం ఒకటి గడిచింది. అమీర్‌పేట, కూకట్‌పల్లి గదుల్లో ఉండే కుర్రాళ్లూ, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే దంపతులూ అన్నం ఇంట్లో వండుకుని కూర బయట కొన్నారు. దాంతో నూనె, ఉప్పు కొట్టువాడి చేతిలోకి వెళ్లాయి, అన్నం మాత్రం కుక్కర్ నిండా ఉండిపోయింది. ఇంటి చేతికీ బయటి చేతికీ మధ్య కొలత జారిపోయింది. దానికి ప్రతిక్రియగానేనేమో, తెలుగు మధ్యతరగతి ఉప్పూ నూనె లేని మంతెన సత్యనారాయణరాజు పద్ధతినీ, 2018 ప్రాంతంలో అన్నం మానేసి కొబ్బరినూనె తాగే వీరమాచనేని రామకృష్ణ పద్ధతినీ అంత ఉత్సాహంగా అందుకుంది. ఈ రెండూ పూర్తిగా ఎదురెదురు సిద్ధాంతాలు. అయినా వీటిని పాటించినవాళ్లకు దొరికింది ఒకే రకం ఊరట, ఏం తినాలో ఇంకొకరు చెప్పడం. 2014లో విజయవాడ కుర్రాడు శ్రీహర్ష మాజేటి మరో ఇద్దరితో కలిసి బెంగళూరులో పెట్టిన స్విగ్గీ వంటి సంస్థలు బండి మీద తిండి పంపే దారి వేశాక, ఆ చెప్పడం కాస్తా డబ్బాగా మారి ఇంటికొచ్చింది.

డబ్బా పనిచేస్తుందా అంటే, పనిచేస్తుందనే నిదర్శనం ఉంది. మెల్బోర్న్‌లో 1983లో మొదలైన జెన్నీ క్రెయిగ్ సంస్థ సిద్ధం చేసిన భోజనం, వారం వారం సలహాతో 442 మంది స్త్రీల మీద రెండేళ్లు ఒక పరీక్ష జరిగింది. 2010లో జామా వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. కేంద్రానికి వెళ్లి సలహా తీసుకున్నవాళ్లు సగటున 7.4 కిలోలు, ఫోన్లో తీసుకున్నవాళ్లు 6.2 కిలోలు తగ్గారు. మామూలు సలహాతో సరిపెట్టినవాళ్లు తగ్గింది 2 కిలోలే. పరీక్షకు డబ్బు పెట్టింది ఆ సంస్థే కాబట్టి కాస్త అనుమానంతో చదవాలి. అంతకన్నా గట్టిగా గమనించవలసింది మరొకటి. ఆ స్త్రీలకు భోజనం, సలహా రెండూ ఉచితం. గోపాలన్ బృందం పిల్లలకు చేసినట్టే, ఖర్చు ఇంకొకరు భరించారు, చూసేవాళ్లు ఉన్నారు. జేబులో డబ్బుతో కొనుక్కునే అమెరికా మార్కెట్‌లో అదే సంస్థ 2023లో మూతపడింది. మన దగ్గర నెల చందా కట్టిన ఉద్యోగికి ఆఫీసులో పుట్టినరోజు కేకు, శుక్రవారం బిర్యానీ, ఆదివారం అత్తగారింటి భోజనం ఎటూ తప్పవు. డబ్బా వాటిని ఆపలేదు, పైగా వాటి పక్కన అదనపు భోజనంగా మారుతుంది.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. ఒకరి బరువు వాళ్ల సొంత విషయం. అందులో యజమాని వేలు పెట్టడం అతిక్రమణ కాదా? కచ్చితంగా అవుతుంది, లెక్కలు యాజమాన్యం చేతిలో ఉంటే. ఉద్యోగి నడుం చుట్టుకొలత హెచ్‌ఆర్ ఫైలుకెక్కే రోజును ఎవరూ కోరుకోరు. అందుకే కమిటీ మాట వచ్చింది. కొలిచిన పళ్లెం ఉండాలి, తీసుకోవాలన్న నిర్బంధం ఉండకూడదు, ఎవరు తీసుకున్నారన్నది రాయకూడదు. మరో మాట కూడా వినిపిస్తుంది, బరువు తగ్గించే సూదిమందులు వచ్చాక ఇదంతా ఎందుకని. 2025లో మౌంజారో, వెగోవీ ఈ దేశపు మార్కెట్‌లోకి వచ్చాయి. ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో పెట్టిన కంపెనీతో సహా మన మందుల పరిశ్రమ కూడా ఆ వైపే చూస్తోంది. బాలానగర్ గుండా బరువు చరిత్ర ఇలా ఇంకోసారి వెళ్తోందన్నది సరదా విషయం. కానీ ఆకలి తగ్గించే మందు పళ్లెంలో ఏముండాలో చెప్పదు. తక్కువ తినేవాడికి ఆ తక్కువలో మాంసకృత్తులు ఉన్నాయా లేదా అన్న ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది.

2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. క్యాంటీన్ పరిమితి 250 నుంచి 100 మందికి, కాంట్రాక్టు కార్మికులతో కలిపి, దిగింది. దీనితో క్యాంటీన్ ప్రశ్న ఫ్యాక్టరీ గేటు దాటి ఆఫీసు అంతస్తుల దాకా వస్తుంది. బాలానగర్‌లో మాత్రం చిక్కు మరో రకం. గాంధీనగర్ సహకార పారిశ్రామికవాడలో, దాని చుట్టూ ఉన్న లేత్ షెడ్లలో ఇరవై ముప్ఫై మందితో నడిచే యూనిట్లకు పాత చట్టమూ వర్తించలేదు, కొత్తదీ వర్తించదు. అక్కడివాళ్లకు మిగిలినవి ఇంటి క్యారేజీ, వీధి మెస్సు, 2014లో జీహెచ్‌ఎంసీ మొదలుపెట్టిన అయిదు రూపాయల భోజనం. డైట్ డబ్బా ధర వాళ్లకు అందదు. వాళ్లలోనూ సీఎన్‌సీ మిషన్ ముందు బటన్లు నొక్కేవాడు ఉన్నాడు, ఇనుప కడ్డీలు మోసేవాడు ఉన్నాడు. స్థలాన్నీ షెడ్లనూ ఉమ్మడిగా ఏర్పాటు చేసుకున్న సహకార సంఘం ఉమ్మడి క్యాంటీన్ ఒకటి పెట్టుకుని, 2,110 కేలరీల మనిషికి ఒక పళ్లెం, 3,470 కేలరీల మనిషికి ఇంకో పళ్లెం బోర్డు మీద రాసి ఒకే ధరకు పెట్టడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.