చర్చిల్ ప్రేమకథ చాటున వైట్‌ఫీల్డ్: ఒక ఆంగ్లో ఇండియన్ వలసావాసపు తొలినాళ్లు

వైట్‌ఫీల్డ్ పాత చరిత్ర ఏమిటని బెంగళూరులో ఎవరినడిగినా ముందు చర్చిల్ పేరే చెబుతారు. కంటోన్మెంట్‌లో కుర్ర అధికారిగా ఉన్న రోజుల్లో ఆయన వేవర్లీ ఇన్ యజమాని జేమ్స్ హామిల్టన్ కూతురు రోజ్ కోసం ఇక్కడికి వచ్చిపోయేవాడట. వినడానికి బాగుంటుంది గానీ ఆధారం దొరకదు. ఆ కథ వెనక మరుగునపడ్డ మనుషులే ఈ వ్యాసానికి విషయం.

చర్చిల్ 1896 అక్టోబరులో నాలుగో హుస్సార్స్ దళంతో బెంగళూరు వచ్చాడు. 1930లో అచ్చయిన ఆయన ఆత్మకథ ‘మై ఎర్లీ లైఫ్’లో బెంగళూరు బంగళా, గులాబీలు, పోలో, గిబ్బన్‌నూ మెకాలేనూ చదివిన మధ్యాహ్నాలు అన్నీ ఉన్నాయి, రోజ్ హామిల్టన్ ఊసే లేదు. ఆ రోజుల్లో ఆయన మనసు పడింది 1896 నవంబరులో సికిందరాబాదులో పరిచయమైన పమేలా ప్లౌడెన్ మీద. బెంగళూరు క్లబ్బులో ఆయన ఎగవేసిన 13 రూపాయల బాకీ సైతం 1899 నాటి మినిట్స్ పుస్తకంలో ఎక్కింది.

అసలు ఊరు పుట్టింది ఉద్యోగాల కరువు వల్ల. తల్లిదండ్రులలో ఒకరు భారతీయులైతే సివిల్, సైనిక కొలువులకు పనికిరారని ఈస్టిండియా కంపెనీ 1791లోనే తేల్చేసింది. తర్వాతి కాలంలో రైల్వే, టెలిగ్రాఫ్, కచేరీ గుమాస్తాగిరీ ఈ ఆంగ్లో ఇండియన్లకు ఆధారమయ్యాయి. ఇంగ్లీషు చదువుకున్న భారతీయులు పెరిగేకొద్దీ ఆ చోటూ ఇరుకైంది. సొంత భూమి ఉంటే తప్ప తమవారు తలెత్తుకు బతకలేరని వారి నాయకుడు డి. ఎస్. వైట్ గట్టిగా నమ్మాడు. ఆయన నడిపిన యురేషియన్ అండ్ ఆంగ్లో ఇండియన్ అసోసియేషన్‌కు మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడెయరు 1882లో సుమారు 3,900 ఎకరాలు ఇచ్చాడు. ఊరికి వైట్ పేరే పెట్టారు.

ఊరి మధ్యలో గుండ్రటి మైదానం, దాని చుట్టూ బాట, బాట వెంట తోటలున్న పెంకుటిళ్లు. ఇన్నర్ సర్కిల్‌లో ఆ వలయం ఈనాటికీ కనిపిస్తుంది. పటం మీద ముచ్చటైన ఊరే. నేల మాత్రం రాగులు పండే మెట్ట. దగ్గర్లో జీవనది లేదు; వానా, చెరువూ, బావీ, అంతే. కలం పట్టిన చేతులకు నాగలి అలవాటు లేదు. రైలు స్టేషను సుమారు మూడు కిలోమీటర్ల దూరం. పండినా సరుకు అమ్ముకోవలసింది బెంగళూరులోనే. 1886లో మెమోరియల్ చర్చి వచ్చింది, 1889లో వైట్ చనిపోయాడు. రైతుల ఊరవుతుందనుకున్నది క్రమంగా పింఛనుదారుల పల్లె అయింది. దీన్ని బద్ధకమని కొట్టిపారేయడం అన్యాయం: సేద్యం మీద బతకాలంటే పెట్టుబడి, నీరు, అనుభవం మూడూ కావాలి; వచ్చినవారిలో చాలామందికి ఒక్కటీ సరిపడా లేదు.

ఇంకో అపోహ ఉంది, అది నాకు చర్చిల్ కథకంటే ప్రమాదకరంగా తోస్తుంది: అంతకుముందు ఇక్కడ ఏమీ లేదన్నది. పట్టందూరు అగ్రహారం, ఇమ్మడిహళ్లి, హగదూరు అప్పటికే చుట్టూ ఉన్న ఊళ్లే. 1882 నాటికి మైసూరు రాజ్యాన్ని 1876-78 కరువు తుడిచిపెట్టి నాలుగేళ్లే అయింది, పాలన ఒడెయర్ల చేతికి తిరిగొచ్చి ఒక్క ఏడాది. మహారాజు భూదానాన్ని ఆ కరువు తర్వాతి నేల మీద రాసిన దానపత్రంగా చదివినప్పుడే అర్థం పూర్తవుతుంది.

వైట్ కన్న సొంత భూమి కల అర్ధశతాబ్దం తర్వాత, 1933లో, ఛోటానాగ్‌పూర్‌లోని మెక్లస్కీగంజ్‌లో మళ్లీ మొలిచింది. స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి కుటుంబాలెన్నో విదేశాలకు తరలిపోయాయి. వైట్‌ఫీల్డ్ అలా ఖాళీ కాలేదు, నగరం వచ్చి మింగింది. ఇవాళ ఐటీ కొలువుల కోసం వచ్చి ఇక్కడ కాపురమున్న తెలుగువారు ఎందరో. ఈ చరిత్రను కొత్తగా రాయదలచినవారు చర్చి ఖనన రిజిస్టర్లనూ ఆ చుట్టుపక్కల గ్రామాల రెవెన్యూ దస్త్రాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. స్థిరపడ్డవారి కష్టం మొదటిదాంట్లో, వారికి కూలి చేసినవారి కష్టం రెండోదాంట్లో వెతకాలి.